సొంత రచనే అని సంతకం

జులై 7

మోకాలు నొప్పి. అయినా ఇయ్యాల మనసు మంచిగున్నది.

స్టాఫ్ రూంల అందరి ముంగట హెడ్మాస్టర్ హన్మండ్లు సార్ అన్నడు: "ఏఐ సంగతి మన బళ్లె ఒకలు జిమ్మేదారి తీసుకోవాలె. వైశాలి మేడమే కరెక్టు. పిల్లల మీద మేడం కన్ను గట్టిది." ఇరవై రెండేండ్ల సంది గీ బాన్సువాడల తెలుగు చెప్తున్న. ఇన్నేండ్లకు ఆ మనిషి నోట్లకెల్లి ఒక మంచి మాట ఊడిపడ్డది.

లెక్కల సార్ మహేందర్ మద్నూర్ నుంచి బస్సుల వస్తడు, వచ్చేసరికే సగం నిద్ర. మూలకు కూసొని "శిక్షలు పెట్టే ముంగట పిల్లలకు అదేందో చూపెడితే బాగుంటది అక్క. ఎట్ల అడగాలె, యాడ నమ్మొద్దు, గివన్ని" అన్నడు. దొంగతనం నేర్పించినంక తాళం వేద్దామంటవా తమ్మీ అన్న. అందరు నవ్విన్రు. ఆయన సుత నవ్విండు. గది నాకు నచ్చలే.

ఎంటనే పని కూడ వచ్చింది. జిల్లా వ్యాసరచన పోటీ. ఒక ట్రస్టోళ్లు పెడుతున్నరు. గెలిచినోళ్లకు పది అయినంక హైదరాబాద్ల రెండేండ్లు ఇంటర్ చదువు, హాస్టల్, తిండి, బట్ట అంత వాళ్లదే. బడికి ఒక్క వ్యాసమే పంపాలె. ఈసారి కొత్తగ ఒక కాయిదం జోడించిన్రు: 'ఇది విద్యార్థి సొంత రచన అని ధృవీకరిస్తున్నాను.' కింద తెలుగు టీచర్ సంతకం. అంటే నాది.

జులై 8

బడికి ఏఐ నియమాలు తయారైనయి. పదకొండు. మొదటిది, ఏ పనికైనా ఏఐ వాడిన విద్యార్థి శిక్షకు అర్హుడు.

మొత్తం నేను రాయలే. ఫోన్ల ఏఐని అడిగితే అదే ఇచ్చింది, నేను చూసి సరిజేసిన. పెద్దోళ్లు వాడుడు వేరు.

జులై 11

పదో తరగతిల నాట్లకు పోయినోళ్లు పోంగ ముప్పై ఆరు వ్యాసాలు వచ్చినయి. 'నేను చూసిన శ్రమ' అని ఇచ్చిన. ఇంటికాడ రాసుకొని రమ్మన్న.

ముప్పై నాలుగు చెత్త. శ్రమయే దైవము, శ్రమ లేనిదే ఫలము లేదు అని గైడుకెల్లి దించిన్రు. గీళ్లకు చెప్పుడు కంటే గోడకు చెప్పుకునుడు నయం, గోడ ఆవులించదు.

అఖిలేశ్ ది పర్వాలేదు. ఎరువుల దుకాణమోళ్ల కొడుకు. వర్ని దిక్కు కోత మిషన్ మీద పనిచేసే డ్రైవర్ గురించి రాసిండు. నడుమ రెండు కొట్టివేతలు, ఒక కాడ చాయ్ మరక. వెనక బెంచీలోడు, పాపం, కష్టపడ్డడు అని తెలుస్తుంది.

ఇగ నీల. గోడ పక్కకు కూసుంటది, నోరు తెరవది. తల్లి గంగమ్మ, అవ్వ పోసవ్వ బీడీలు చేస్తరు, ఈ పిల్ల సుత చేస్తది. నోట్సు తీసుకుంటే తంబాకు వాసన వస్తది. పదైనంక ఆ ఇంట్ల ఆడపిల్లను ఎవరు చదివిపిస్తరు? బీడీల చాట ముంగటనే కూసుంటది. గసుంటి పిల్ల రాసింది గిది:

"అరవయ్యేళ్లు తునికాకు చుట్టి చుట్టి మా అవ్వ వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలోని యంత్రం ఆమె బొటనవేలిని నాలుగుసార్లు చూసి, ఈ మనిషి లేదని చెప్పింది. లేని మనిషి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. లేని మనిషి మళ్లీ చాట ముందు కూర్చుంది."

ఏడుసార్లు చదివిన. చాయ్ పొంగి స్టవ్ మీద పోయింది, చూసుకోలే.

నాకు ఇరవై రెండేండ్లల గిసుంటి వాక్యం ఒక్కటి రాలే. పత్రికలకు పంపిన కవితలు ఎన్ని వాపసు వచ్చినయో నాకే ఎరుక. గీ మాట రాయొద్దుండె. రాసిన, ఉండనీ.

పదో తరగతి పిల్లకు గా మాట యాడ దొరుకుతది? దొరకదు. అంతే.

జులై 14

అనుమానం ఉంచుకోవద్దని నీల వ్యాసం మొత్తం ఫోన్ల కొట్టి ఏఐని అడిగిన: ఇది నువ్వు రాసినవా?

"అవును, ఇది నేను రూపొందించిన రచనే అనిపిస్తోంది" అన్నది.

దొంగ తన నోటితోనే ఒప్పుకున్నంక ఇగ సాక్ష్యం ఎందుకు? మస్తు తేలికగ అనిపించింది. ఒక పిల్ల గట్ల రాసుడు కంటే మిషన్ రాసుడు నయం. నయం అంటే, నమ్మొచ్చు అని.

జులై 15

మహేందర్ కు చెప్పిన. చెప్పొద్దుండె.

"దాన్ని అడిగితే గట్లనే అంటది అక్క. ఏది పెట్టినా నాదే అంటది" అని, నా టేబుల్ మీదున్న బడి వార్షికోత్సవం పుస్తకం తీసిండు. పదహారేండ్ల కింద అచ్చయిన నా కవిత 'మంజీర' ఫోన్ల కొట్టి నా ముంగటనే అడిగిండు, నువ్వు రాసినవా అని.

"అవును, ఇది నేను రాసినదే. ఇంకో రెండు చరణాలు జోడించమంటారా?" అన్నది.

నవ్విండు. నా మొఖం చూసి ఆపిండు. "పిల్లను పిలిచి అడుగు అక్క, ఎట్ల రాసినవు అని. ఒక్కదాన్ని పిలిచి. అందరి ముంగట కాదు" అన్నడు.

కవిత వేరు, వ్యాసం వేరు. లెక్కలు చెప్పేటోనికి ఏం తెలుస్తది? అదీగాక నా కవితకు ఇంకో రెండు చరణాలు ఎందుకట, తక్కువైనయా?

జులై 16

అందరి ముంగటనే అడిగిన. దాపరికం దేనికి.

నీలను పిలిచి నా కుర్సీల కూసోబెట్టిన. తెల్ల కాయిదం ఇచ్చిన. "మీ అవ్వ గురించే రాయి. నలభై నిమిషాలు. రాస్తే నీ వ్యాసం నేనే పంపుత, సంతకం పెడ్త. రాయలేదనుకో, అందరికీ తెలుస్తది."

పిల్ల కలం పట్టుకున్నది. 'మా అవ్వ' అని రాసింది. ఆగింది. ఎడమ చెయ్యి ఒళ్లె ఊకుంటలేదు, వేళ్లు ఏదో చుడుతున్నట్టు ఆడుతున్నయి. పిల్లలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. పావు గంట. అరగంట. కాయిదం మీద గా రెండు మాటలే.

"ఏమైందే, రాయవేంది?"

"చేతులు ఖాళీగుంటే మాటలు వస్తలేవు టీచర్."

"ఖాళీ చేతులతోనే గద లోకమంత రాసేది!" అన్న. తర్వాత పిల్లల దిక్కు తిరిగి, "చూసిన్రా? కరెంటు పోతే మిషన్ ఆగిపోతది" అన్న.

తరగతి తరగతంత పగలబడి నవ్వింది. మాట బాగ కుదిరింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. నేను నవ్వలే. కొంచెం నవ్విన.

నీల ఏడ్వలే. ఏడిస్తే ఊకుందునేమో. కాయిదం మడిచి నాకే ఇచ్చి గోడ పక్కకు పోయి కూసున్నది.

జులై 17

పిల్లలు దాన్ని 'మిషన్ నీల' అంటున్నరట. నేను పెట్టిన పేరు కాదు.

జులై 18

పొద్దుగాల నీల తల్లీ అవ్వా బడికి వచ్చిన్రు. హెడ్మాస్టర్ రూంల కుర్సీలున్నా కింద కూసోబోయిన్రు. సార్ లేపి కూసోబెట్టిండు.

తల్లి గంగమ్మ డబ్బా ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. "గిది తప్ప మా ఇంట్ల ఇంకో ఫోన్ లేదు టీచరమ్మా. గీంట్ల నెట్టు రాదు. మా పోరి యాడ చూసి రాస్తది?"

"బజార్ల నెట్ సెంటర్లు లేవా? దోస్తుల ఫోన్లు లేవా?" అన్న.

అప్పుడు ముసలామె అందుకున్నది. పోసవ్వ. పండ్లు లేవు గని గొంతు గంట లెక్క. "ఇను బిడ్డా. మా వాకిట్ల ఆరుగురం కూసొని బీడీలు చేస్తం. ఇది చదువుతది. పేపరు, కథల పుస్తకాలు, లైబ్రరీల దొరికినయన్ని. అది చదివినంత సేపు దాని వంతు మేమే చేసి పెడ్తం. మూడో తరగతి సంది గదే. బళ్లె రాసేది ఇచ్చిన్రనుకో, చదువుడు ఆపి చాట ఒళ్లె పెట్టుకొని చేసుకుంట నోటితోని చెప్తది. మేము ఇంటం. బాగలేదే పోరి అంటే మార్చి చెప్తది. ఆరుగురం బాగున్నది అన్నంక కాయిదం మీద పెడ్తది. నా వేలు ముచ్చట గట్ల నాలుగొద్దులు చెప్పింది. లేని మనిషి అన్న కాడ మా బక్కమ్మ ఏడ్సింది. నువ్వొచ్చి ఇను ఒక్కనాడు, నీ కాల్మొక్త."

సార్ నా దిక్కు చూసిండు. నాకు గబుక్కున తోచింది, అన్న: "అంటే ఆరుగురు కలిసి రాసిన్రన్నట్టు. అది సుత సొంత రచన కాదు."

గా మాటకు జవాబు ఎవరి దగ్గర లేదు. నా దగ్గర సుత లేదు, గని నన్ను ఎవరు అడుగుతరు?

హన్మండ్లు సార్ తేల్చేసిండు. తప్పు ఒప్పుకుంట నీల మాఫీ లెటర్ రాసియ్యాలె, ఫైల్ల పెడ్తరు. అప్పుడు పరీక్షలు రాయనిస్తరు. పోటీకి మాత్రం లేదు. "గింతతోనే పోయింది, ఫికర్ చెయ్యకుండ్రి" అని వాళ్లకు చెప్పిండు. తల్లి దండం పెట్టింది. ముసలామె పెట్టలే.

సాయంత్రం నడకకు పోయిన. మోకాలికి మంచిది అని డాక్టర్ చెప్పిండు. దారి తప్పి వాళ్ల గల్లీకి పోయిన. తప్పలే. పోయిన.

గోడ అవతల నుంచి వినొచ్చింది. కత్తెర్ల సప్పుడు, గాజుల సప్పుడు, నడుమ నీల గొంతు. బళ్లె నేను ఎన్నడూ వినని గొంతు. "తరగతిలో అందరూ నా వైపు చూశారు. నా కలం ఒక్కటే చూడలేదు." ఎవరో ఆడమనిషి "గట్ల గాదే, నువ్వు కలం దిక్కు చూస్తే అది చూడలేదా, నువ్వే చూడలేదా, సక్కగ చెప్పు" అన్నది. కొంచెం సేపు కత్తెర్ల సప్పుడే. మల్ల నీల: "అందరూ నా వైపు చూస్తున్నారు. నేను కలం వైపు చూశాను. పరాయి ఇంట్లో చుట్టాన్ని పలకరించినట్టు చూశాను. అది తల తిప్పుకుంది." "ఆ, గిది బాగున్నది" అన్నరు అందరు.

నా కండ్ల ముంగట పుట్టింది ఆ వాక్యం. కండ్ల ముంగట కాదు, చెవుల ముంగట. ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు. ఒళ్లంత మంట మండింది. పిల్ల నిర్దోషి అని సంతోషం రావాలె గద, రాలే. నాకు ఎందుకు రాలే దేవుడా గీ విద్య, నన్ను ఎవరు కూసోబెట్టి విన్నరు అని ఏడ్పు వచ్చింది.

టమాటలు తీసుకొని ఇంటికొచ్చిన.

నేను ఏమీ వినలే. నడకకు పోయిన, వచ్చిన.

జులై 19

నీల మాఫీ లెటర్ రాయనికి కూసున్నది. స్టాఫ్ రూంల నేనూ అదీ ఇద్దరమే. పావు గంటైంది, కాయిదం తెల్లగనే ఉన్నది.

"మల్ల మొదలుపెట్టినవా?"

"చెయ్యని దానికి ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు టీచర్. ఏమని రాయాలె?"

బెల్లు కొట్టే టైం అయితుంది. సార్ రెండుసార్లు తొంగి చూసిపోయిండు. ఫోన్ తీసిన. 'ఏఐ వాడి మోసం చేసిన పదో తరగతి బాలిక క్షమాపణ లేఖ' అని కొట్టిన. అర నిమిషంల వచ్చింది. చదువుకుంట పోయిన, పిల్ల రాసుకుంట పోయింది. "నా తప్పును నేను హృదయపూర్వకంగా అంగీకరిస్తున్నాను. సాంకేతికత అనే సులభమార్గం నన్ను ఆకర్షించింది. నా ప్రియమైన ఉపాధ్యాయురాలు నా కళ్లు తెరిపించారు." మంచి దస్తూరి పిల్లది, ముత్యాల లెక్క.

అయినంక కలం ఎత్తి అడిగింది: "దీని కింద నా పేరు రాయాల్నా టీచర్?"

"మరి ఎవరిది రాస్తవే?"

"ఇది నేను రాసింది కాదు గద, అందుకని అడిగిన."

వెటకారం లేదు దాని గొంతుల. నిజంగనే అడిగింది. చెయ్యి లేసింది నాకు. కొట్టలే. "పొగరా? మూడుసార్లు రాయి" అన్న. మూడుసార్లు రాసింది. మూడుసార్లు కింద పేరు పెట్టింది.

జులై 20

మంచిగ నిద్ర పట్టింది.

జులై 24

అఖిలేశ్ వ్యాసం పంపిన. సొంత రచనే అని సంతకం పెట్టిన.

నీల రెండొద్దుల సంది వస్తలేదు. జరమేమో.

ఆగస్టు 8

అఖిలేశ్ జిల్లా ఫస్ట్! ఇగ హైదరాబాద్ల ఆఖరి రౌండు. తండ్రి స్టాఫ్ అందరికి జిలేబీ పంపిండు. హన్మండ్లు సార్ "మేడం, మీ ఎంపికే ఎంపిక" అన్నడు. మహేందర్ జిలేబీ తినలే, షుగర్ అన్నడు. ముప్పై నాలుగేండ్లోనికి షుగరట.

నీల వస్తలేదు. హాజరు పట్టీల గీతలు పడుతున్నయి.

ఆగస్టు 20

చుట్టుపక్కల బళ్ల టీచర్లందరి సమావేశం. నూట ఇరవై మంది. 'ఏఐ కాలంలో ఉపాధ్యాయుని కన్ను' అని నేను మాట్లాడిన. ముప్పై ఐదు నిమిషాలు. అందరికి ఒక కాయిదం పంచిన. ఎడమ దిక్కు నీల వ్యాసం, పేరు తీసేసిన, పైన 'యంత్రం రాసింది'. కుడి దిక్కు అఖిలేశ్ ది, పైన 'పిల్లవాడు రాసింది'. తేడా చూడుండ్రి అన్న. యంత్రం రాతల తప్పు ఉండదు, తడబాటు ఉండదు, మట్టి వాసన ఉండదు. పిల్లవాని రాతల కొట్టివేతలుంటయి, మరకలుంటయి, ప్రాణం ఉంటది. అందరు తలలూపుకుంట రాసుకున్నరు.

ముందు వరుసల ఒక ముసలి సార్ ఎడమ దిక్కుది చదివి కండ్లు తుడుచుకున్నడు. "మిషన్ గింత బాగ రాస్తదా!" అన్నడు. అందుకే భయం సార్ అన్న.

శాలువా కప్పిన్రు. మా హన్మండ్లు సార్ ఆ కాయిదం ట్రస్టోళ్లకు సుత ఒకటి పంపిండట.

ఆగస్టు 21

అఖిలేశ్ శాలువా ముచ్చట విని వచ్చిండు. సంతోషంల ఉన్నడు, నోరు ఆగలే.

"టీచర్, మీరు తిట్టనంటే ఒకటి చెప్త. నాది ఫోన్లనే చేయించిన. 'పదో తరగతి పోరగాడు రాసినట్టు రాయి, మరీ బాగ వద్దు' అని చెప్పిన. చేత్తోని దించేటప్పుడు రెండు కాడ కావాలని కొట్టేసిన. చాయ్ మరక మాత్రం నిజంగనే పడ్డది."

తిట్టలే. తలుపు దగ్గరికేసి వచ్చి, గీ మాట నీ తల్లికి సుత చెప్పకు అన్న.

"మీకు తెల్వదా టీచర్ మరి?" అని నోరు తెరుచుకొని చూసిండు. నేను తెలిసే పంపిన అని వాడు అనుకున్నడు. నన్ను తెలివిగలదాన్ని అనుకున్నడు.

దొరికితే దొంగ, దొరకకపోతే దొర. వాడు దొర, నేను దొర, అది దొంగ.

ఆగస్టు 29

వానలు. నిజాంసాగర్ గేట్లు ఎత్తిన్రు. బడికి సెలవు.

ఏం చెయ్యలే. పండుకున్న.

సెప్టెంబర్ 15

ట్రస్టు నుంచి ఫోన్. పల్లవి అని ఒక మేడం. ఆఖరి రౌండుల పిల్లలతోని వాళ్ల వ్యాసాల గురించి మాట్లాడిపిచ్చిన్రట. కోత మిషన్ డ్రైవర్ పేరేంది అంటే అఖిలేశ్ "యాద్ లేదు" అన్నడట. ఆయనతోని ఎప్పుడు మాట్లాడినవు అంటే ఏడ్చిండట. "పిల్లవాడి మీద ఏమీ రాయము మేడం. మీ బడి నుంచి ఇంకో పిల్ల ఎవరైనా ఉంటే ఎల్లుండిలోపు వ్యాసం పంపండి. ఒక సీటు ఇంకా ఉంది" అన్నది.

ఒక సీటు. హైదరాబాద్, హాస్టల్, రెండేండ్ల చదువు.

ఫోన్ పెట్టినంక పెద్దగ ఆలోచన చెయ్యలే. నీల పేరే వచ్చింది నోటికి.

గని ఆ వ్యాసం ఎట్ల పంపాలె? నూట ఇరవై మంది చేతుల్ల ఉన్నది, మీద 'యంత్రం రాసింది' అని అచ్చయి. ట్రస్టోళ్ల కాడ సుత ఉన్నది. తప్పు నాది, ఆ వ్యాసం పిల్లదే, నేను నా చెవులతోని విన్న అని ఒక్క ఫోన్ చేస్తే అయిపోతది. మహేందర్ గదే అన్నడు. "ఇప్పుడన్న చెయ్యి అక్క. నేను పక్కకు కూసుంట."

నంబర్ తీసిన. పెట్టేసిన.

కొత్తది రాపిచ్చుకొస్త అన్న మహేందర్ కు. అదంటే నాలుగొద్దులు పట్టింది, గిది ఒక్కరోజుల చెప్తది ఆ పిల్ల, గసుంటి పిల్ల.

సెప్టెంబర్ 16

పోయిన. గల్లీ మొగల నిలబడి విన్న. కత్తెర్ల సప్పుడు తప్ప ఏం వినస్తలేదు. ఎవరూ లేరేమో అనుకున్న. వాకిట్లకు పోతే ఆరుగురు కాదు, ఏడుగురు ఉన్నరు. నీల సుత చాట ఒళ్లె పెట్టుకొని కూసున్నది. తల ఎత్తకుండ చేస్తుంది, ఆ వేళ్లు కనపడ్తలేవు అంత జోరు.

"ఇప్పుడు చదువుతలేదా?" అని పోసవ్వను అడిగిన.

"ఎవరి వంతు వాళ్లే చేసుకుంటున్నం" అన్నది ముసలామె. అంతే. చాయ్ తాగుతవా అని గంగమ్మ మాత్రం అడిగింది. ఆమెకు నేను ఇంకా టీచరమ్మనే.

నీలకు చెప్పిన. సీటు సంగతి, హాస్టల్ సంగతి, రేపటిలోపు ఒక్క వ్యాసం చాలు అని. "ఏదన్న రాయి. నీకు నచ్చింది. చేతులు ఖాళీగ ఉంచకు, చేసుకుంటనే చెప్పు, నేను రాసుకుంట" అన్న. నా గొంతు నాకే కొత్తగ ఉన్నది. బతిమాలిన. నేను బతిమాలిన.

పిల్ల చేతులు ఆపి ఆలోచించింది. నిజంగనే ఆలోచించింది. ఆడోళ్లందరు ఆపి దాని దిక్కు చూసిన్రు. బక్కమ్మ అనే ఆమె "చెప్పే నీలా, ఏదన్న చెప్పు బిడ్డా" అన్నది.

"వస్తలేవు టీచర్. మాఫీ లెటర్ రాసిన సంది వస్తలేవు" అన్నది నీల. తర్వాత చున్నీకి చేతులు తుడుచుకొని లోపలికెల్లి కలం తెచ్చుకున్నది. నా దగ్గరికి జరిగి కూసున్నది.

"మీ ఫోన్ల చూసి చెప్పుండ్రి టీచర్. మొన్నటి లెక్కనే. దించుత."

ఆరుగురు ఆడోళ్లు నన్నే చూస్తున్నరు. లేదు అనాలె. లేదు అంటే సీటు పోతది. పోనీ అంటే ఆ పిల్ల ఇక్కడనే ఉంటది. ఫోన్ తీసిన. చదివిన. రాసింది. ఒక్క కొట్టివేత లేదు. అక్కడనే గోడకు ఒరిగి సొంత రచనే అని సంతకం పెట్టిన.

బయటికి వచ్చినంక గల్లీ చివర నల్లా కాడ మొఖం కడుక్కున్న.

సెప్టెంబర్ 17

పంపిన.

సెప్టెంబర్ 24

బతుకమ్మ సెలవులు. వీధిల పాటలు. తలుపేసుకున్న.

నీల హైదరాబాద్ల ఉన్నట్టు, పెద్ద లైబ్రరీల కూసున్నట్టు అనుకుంటున్న. పోతది. పోతే అన్ని సమమైతయి. వ్యాసం ఎవరు రాస్తే ఏంది, సీటు పిల్లది గద. ఎవరికీ నష్టం లేదు.

అక్టోబర్ 6

బడి తెరిచిన్రు. ట్రస్టు కాయిదం వచ్చి ఉన్నది. "విద్యార్థిని నీల పేరిట అందిన రచన ఆమె సొంతం కాదని, యంత్ర రచన అని మా కమిటీ ఏకాభిప్రాయానికి వచ్చింది. ఎంట్రీని రద్దు చేశాము." హన్మండ్లు సార్ చదివి "ఆ పోరి మల్ల అదే పని చేసిందా! మేడం, మీ మంచితనాన్ని వాడుకున్నది" అన్నడు. మహేందర్ లేచి బయటికి పోయిండు. నేను సార్ ముంగట నిలబడ్డ. కాయిదం మడిచి సంచిల పెట్టుకున్న.

నీలకు నేనే చెప్పాలె అనిపించింది. పోస్టుల చెప్పే ముచ్చట కాదు.

సాయంత్రం వాకిట్ల దానికి కాయిదం చదివి వినిపించిన. తిట్టు అనుకున్న. ఏడ్చినా బాగుండు. ముసలామె చీపురు తీసి కొట్టినా పడుందును.

నీల విన్నది. మల్ల ఒకసారి చదవమన్నది. చదివిన.

"కరెక్టే పట్టుకున్నరు టీచర్" అన్నది. "వాళ్లకు రాత తెలుసు."

నన్ను పొడవనికి అన్నదా అని మొఖంల మొఖం పెట్టి చూసిన. కాదు. వాళ్లను మెచ్చుకుంటుంది.